క్లూన్‌బ్రాక్ రాయి కింద గాలి

అట్రాక్టా గెరాటీ పుట్టినరోజున ఆమెను ఎత్తుకోబోయి మంత్రసాని నడుం పట్టేసిందని క్లూన్‌బ్రాక్ ఊళ్ళో చెప్పుకుంటారు. అది అబద్ధమని అట్రాక్టా ఏనాడూ అనలేదు. డెయిరీలో నిండు పాలక్యాన్లను చెరో చంకనా పెట్టుకుని నడిచిన మనిషి. బురదలో దిగబడ్డ గాడిదను బండితో సహా బయటికి లాగింది. పెళ్ళినాడు గుమ్మం దగ్గర మొగుడు తటపటాయిస్తుంటే అతన్నే ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

శ్మశానం గోడ పక్కన గుండ్రటి నల్లరాయి ఒకటుంది. ఊళ్ళో ఎవరిని పాతిపెట్టినా, మట్టి కప్పాక మగవాళ్ళు దాన్ని ఎత్తి చూడాలి. తలమీదికి అక్కర్లేదు. నేలకీ రాయికీ మధ్య గాలి దూరితే చాలు, ఆ మగాడి పేరు మనవల కాలందాకా నిలుస్తుంది. ఆడవాళ్ళు మాత్రం ముట్టకూడదు. తండ్రిని పాతిన రోజు అట్రాక్టా చెయ్యి వెయ్యబోతే చర్చి ఫాదర్ ఉరిమాడు. ఆమె వెనక్కి తగ్గింది గానీ మరిచిపోలేదు.

ఆమెకు అరవై దాటాక, ఒక పొద్దున మ్యూజియం అధికారి కాస్టెల్లో క్రేనుతో దిగాడు. చేతిలో అనుమతి కాగితం. రాయిమీద అట్రాక్టా.

"లేవమ్మా, పనుంది."

"నాకూ ఉంది నాయనా. కూర్చోవడం."

"ఇది దేశం సొత్తు. డబ్లిన్‌లో అద్దాల గదిలో పెడతాం."

"అయితే దేశాన్నే వచ్చి చేతుల్తో ఎత్తుకుపొమ్మను. దీనికి అదొక్కటే పద్ధతి."

కాస్టెల్లో చుట్టూ చేరినవాళ్ళను చూసి నవ్వాడు. "మీలో ఎత్తగల మగాడున్నాడా? ఎత్తేవాడు లేకపోతే అది చచ్చిన రాయి. చచ్చినవాటి చోటు మ్యూజియమే."

మగవాళ్ళంతా తమ బూట్లకేసి చూసుకున్నారు. సారాకొట్టు టైగ్ రోషంకొద్దీ ముందుకొచ్చాడు. అట్రాక్టా లేచి దారిచ్చింది. టైగ్ ప్యాంటు చిరిగింది, రాయి కదల్లేదు.

"మగాడైతే లేడులే," అంటూ అట్రాక్టా చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"అత్తా, వద్దే! నడుం విరుగుద్ది!" అని గుంపులోంచి ఒక కుర్రాడు అరిచాడు.

"విరిగితే శ్మశానం పక్కనే ఉందిగా. మీకు మోత తప్పుద్ది."

"ఆడది ముట్టకూడదని ఫాదర్..." అని ఎవరో గొణిగారు.

"ఆయన గోడవతలే పడుకున్నాడు. లేచొచ్చి ఆపమను."

రాయిని కావిలించుకుంది. ఆ క్షణాన మైళ్ళవతల సముద్రం బెదిరి వెనక్కి జరిగిందని టైగ్ ఇప్పటికీ ఒట్టేస్తాడు. ఆమె మెడనరాలు తాళ్ళలా తేలాయి. రాయి లేచింది.

"దూరిందా గాలి?" పళ్ళు బిగబట్టి అడిగింది.

"నాకేం కనపడట్లేదు," అన్నాడు కాస్టెల్లో.

"నీ చేతిలోది దూర్చి చూడవయ్యా మరి!"

అతను వంగి కాగితాన్ని రాయి కిందికి తోశాడు. అడ్డులేకుండా జారింది. కాదనడానికి దారి లేదు.

"దూరింది," అన్నాడు.

అట్రాక్టా రాయిని దించేసింది, కాగితం మీదే.

"నా కాగితం!"

క్రేను డ్రైవరు ఇంజను ఆపేశాడు. "కాగితం చూపించందే నేను ముట్టను సార్," అని టైగ్ కొట్టుకేసి నడిచాడు.

కాస్టెల్లో కోటు విప్పి, రాయిని రెండు చేతులా పట్టుకున్నాడు. అట్రాక్టా గోడకానుకుని ఆయాసపడుతూనే అంది:

"నడుం కాదు నాయనా, మోకాళ్ళు వంచు."