ఖాళీ చేసినా ఖాళీ కాని ఇల్లు

దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. కానీ ఇది నాకూ, నా భార్య సరోజకూ జరిగింది.

ఎనభైల మొదట్లో మేము తిరుపతిలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లం. యజమాని మునిరత్నాన్ని అన్నా అనే పిలిచేవాణ్ణి. పక్కింటి రాజమ్మ సరోజను కూతురిలా చూసుకునేది. టైఫాయిడ్ వచ్చినప్పుడు నెల రోజులు గంజి కాచి తాగించింది.

బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాకు గుమాస్తా పని దొరికింది. కాపురం చిత్తూరికి మార్చాం. ఇల్లు కడిగి, తాళంచెవి మునిరత్నం చేతికిచ్చాం. అడ్వాన్సు వచ్చే నెల తీసుకోమన్నాడు.

చెప్పినట్టే వెళ్లాను. చిత్తూరులో కొత్త ఇంటికి ఆ డబ్బే కట్టాలి.

"ఖాళీ చేయకుండా అడ్వాన్సు యాడిదప్పా? సరోజమ్మ ఈడే ఉండాది కదా" అన్నాడు మునిరత్నం.

నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఆయమ్మను ఈడ వదిలేసి, నువ్వు ఆడ ఎవురితో ఉండావో మాకేం తెలుసు?" అన్నాడు, వీధంతా వినేట్టు.

పక్కింటి గుమ్మంలో నిలబడ్డ రాజమ్మ వైపు చూశాను. ఆవిడైనా కాదంటుందనుకున్నాను.

"పొద్దున్నే ముగ్గేసి లోపలికి పోయింది నాయనా. గడియ పెట్టుకుంటే తీయనే తీయదు" అంది.

డబ్బు ఎగ్గొట్టడానికి ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను. అన్నా అని పిలిచిన నోటితోనే నానా మాటలూ అనేసి రైలెక్కాను. పాకాల దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఆదివారం సరోజనే వెంటబెట్టుకుని వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. ఆమెను చూడగానే మునిరత్నం అరుగు మీద కూలబడ్డాడు. మా పాత గడప ముందు ముగ్గుంది. సరోజ కోపంగా నన్ను లాక్కెళ్లి తలుపు తట్టింది.

"ఎవురది?" అని లోపల్నుంచి వినిపించింది.

అది సరోజ గొంతు. రోజూ నన్ను అన్నానికి పిలిచే గొంతు. సరోజేమో నోరు మెదపకుండా నా చేయి పట్టుకుని నిలబడి ఉంది.

లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగిపోయాయి. తలుపు తోద్దామంటే నాకు చేయి రాలేదు.

సరోజ రాజమ్మ ఇంటివైపు పరుగెత్తింది. రాజమ్మ గడపకు అడ్డంగా నిలబడింది.

"మా సరోజ ఆ ఇంట్లో ఉండాది. నువ్వెవురు తల్లీ?" అని తలుపేసుకుంది.

మునిరత్నం అడ్వాన్సు తెచ్చి, మా చేతులు తగలకుండా అరుగు చివర పెట్టాడు. తీసుకుని వచ్చేశాం. మళ్లీ ఆ వీధికి వెళ్లలేదు.

ఆ రోజు లోపల్నుంచి పలికిందెవరో నాకు అంతుపట్టలేదు. సరోజ ఆ గొంతు గురించి ఒక్కసారీ మాట్లాడలేదు.

"రాజమ్మకు నేను కానిదాన్ని ఎట్లయినాను?" అని మాత్రం ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.