మొదటి పాలకు కూపన్ లేదు

నేను చెప్పే కథల్లో పావు వంతే నిజమని, మిగతాదంతా వడ్డీ అని మా ఆయన అంటుంటాడు. అన్యాయం. సగం ఉంటుంది.

జర్మనీలో ఉన్న ఈ గార్చింగ్‌లో, మా బిల్డింగ్‌లో ఉన్న తెలుగువాళ్ళకి నేను కూపన్ల అక్కని. సబ్బులూ షాంపూలూ పిల్లల సరుకులూ అమ్మే డ్రోగెరీలో నేనొకసారి వాడిన కూపన్లకి కౌంటర్ మిషన్ సొమ్మసిల్లి పడిపోయిందనీ, మేనేజరు కుర్చీ వేసి నాకు కాఫీ ఇచ్చాడనీ అందరికీ చెప్పాను. మిషన్ ఆగిన మాట నిజం. కాఫీ మాత్రం ఇంటికొచ్చి నేనే పెట్టుకున్నాను.

రూల్స్ దగ్గర మాత్రం కోతలు కొయ్యను. ‘ఏదైనా ఒక వస్తువు మీద’ అని ఉన్న కూపన్‌ని బుట్టలో అన్నిటికన్నా ఖరీదైనదానికి వాడాలి. మొత్తం బిల్లు మీద వచ్చేది మిగతా సరుకులకి. ఒకే వస్తువుకి రెండూ పడవు, ఒక తలకి రెండు గొడుగులు పట్టినట్టు. యాప్‌లో కూపన్ ముందే ఆన్ చేసుకోవాలి. డబ్బు కట్టాక గుర్తొస్తే కౌంటర్లో ఉన్నావిడ జాలిగా నవ్వుతుంది, అంతే.

కింది ఫ్లోర్లో కరీంనగర్ వైపు అమ్మాయి ఉండేది. కాన్పై రెండో నెల. వాళ్ళమ్మ రావాల్సింది గానీ వీసాకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకలేదు. భర్త పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవాడు. అందుకని వెల్లుల్లి కారం, మునగాకు పప్పు, నువ్వుల పొడి నేనే దింపేదాన్ని. ఎంత తిన్నా పాపకి పాలు చాలలేదు. బాలింతని చూడ్డానికి ఇంటికొచ్చే మంత్రసాని, ఇక్కడివాళ్ళు హెబామె అంటారు, పాప బరువు చూసి, డబ్బా పాలు కూడా కలిపి పట్టమంది.

ఆ డబ్బాని ఆ అమ్మాయి బియ్యం సంచి వెనకాల దాచింది. దాన్ని బయటికి తియ్యడానికి మనసొప్పక, పాప ఏడ్చి ఏడ్చి కందిపోయాకే కలిపేది. రోజూ వాళ్ళమ్మ వీడియోలో, “పాలు పడుతున్నయా బిడ్డా?” అంటే, “మస్తు పడుతున్నయమ్మా,” అనేది. ఫోన్ పెట్టేశాక ముక్కు చీదుకునేది. నేను గోడకేసి చూసేదాన్ని.

డబ్బా అడుగంటిన రోజు నేనే బయల్దేరదీశాను. “పదవే, పది శాతం కూపనుంది. బుట్టలో డబ్బాయే ఖరీదు, దాని మీద కొట్టిద్దాం. నా చెయ్యి పడితే వాళ్ళే ఎదురు డబ్బులిస్తారు.”

“మళ్ళ మిషన్ పడిపోతదేమో అక్కా,” అంది. చాలా రోజులకి ఒక వేళాకోళం. నాకు ప్రాణం లేచొచ్చింది.

నా పిల్లలు తెనాలిలో పుట్టి, పళ్ళొచ్చాకే ఈ దేశం వచ్చారు. ఇక్కడ పాలడబ్బా కొనాల్సిన అవసరం నాకెప్పుడూ పడలేదు. డైపర్లు, వైప్స్, డబ్బా కౌంటర్ మీద పెట్టి, ఫోన్ చూపించి, మహారాణిలా నిలబడ్డాను.

కౌంటర్లో ఉన్న కళ్ళజోడు పెద్దావిడ తల అడ్డంగా ఊపింది. “ఈ పాలకి రాదండీ.”

“ఎందుకు రాదు?” అడిగింది అమ్మాయి. దాని జర్మన్ నాకన్నా బాగుంటుంది, ఖర్మ.

“చట్టం. పసిపిల్లలకి పుట్టినప్పట్నుంచీ పట్టే మొదటి డబ్బా పాలకి ఏ తగ్గింపూ ఇవ్వకూడదు. తల్లిపాలు మాన్పించకూడదని.” ఆవిడ మెత్తగానే చెప్పింది. మెత్తటి మాటే లోపలిదాకా దిగుతుంది.

అమ్మాయి డబ్బాని మెల్లగా పక్కకి జరిపింది. “వద్దక్కా. సర్కారు గూడ తప్పంటున్నది.”

వెనకాల క్యూ. పాప అప్పుడే గొంతు సవరించుకుంటోంది. నేను కూపన్ని డైపర్ల మీదికి మార్పించి, డబ్బాకి పూర్తి ధర కట్టి, తల్లినీ పిల్లనీ బయట బెంచీ మీద కూర్చోబెట్టాను.

“నన్నే అన్నట్టున్నది అక్కా ఆమె.”

“నిన్నెందుకంటుంది? ఆ రూలు అమ్మేవాళ్ళ ముక్కుకి తాడు. తగ్గింపులు చూపించి బాలింతల చుట్టూ తిరక్కూడదని వాళ్ళని కట్టేశారు. కొనేదాన్ని ఎవరూ కట్టెయ్యలేదు. తప్పయితే అసలు షెల్ఫులో పెట్టనిస్తారా?”

అమ్మాయి చున్నీ అంచు మెలిపెడుతోంది.

“నేనేం తాగి పెరిగానో తెలుసా?” అన్నాను.

“ఏం?”

“గాడిద పాలు.”

“చల్, ఊకో అక్కా!”

“ఒట్టు. మా వీధిలోకి గాడిదను తోలుకొచ్చి ‘గాడిద పాలో’ అని అరిచేవాళ్ళు. మా అమ్మ పట్టించింది. అందుకే నాకీ గొంతు. బళ్ళో నేను పద్యం చదివితే నాలుగు వీధుల అవతల గాడిదలన్నీ తలెత్తి, చరణం అందుకునేవి. మేష్టారికి ఎవరు తప్పు చదివారో తెలిసేది కాదు.”

పొట్ట పట్టుకుని నవ్వింది. కుట్లింకా లాగుతున్నట్టున్నాయి, “అమ్మా” అంటూనే నవ్వింది. “ఇండ్ల నిజమెంత?”

“గాడిద నిజం.”

పాప ఇక ఆగలేదు. అమ్మాయి ఫ్లాస్కు తీసింది, పొడి పోసింది, సీసా ఊపి మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకుంది. దారిన పోయేవాళ్ళు చూస్తున్నా చున్నీ అడ్డం పెట్టుకోలేదు. పాప పీలుస్తుంటే గుటక గుటకకీ దాని చెవి కదులుతోంది.

అప్పుడే ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. అమ్మాయి నావైపు చూసింది. ఏ అబద్ధమైనా క్షణంలో అల్లిపెట్టగలదాన్ని, ఒక్కటి కూడా నోటికి రాలేదు. “నువ్వు పట్టుకో అక్కా,” అంది. తల్లీ పాపా ఇద్దరూ కనబడేలా పట్టుకున్నాను.

వాళ్ళమ్మ కళ్ళు సీసా మీద ఆగాయి. “సీసాల ఏం పాలు బిడ్డా అవి?”

“డబ్బా పాలమ్మా. నా పాలు సాలుతలేవు. శానా రోజుల నుంచి.”

“తాగుతున్నదా?”

“తాగుతున్నది.”

“మరి ఏడుస్తవెందుకే పిచ్చిదానా? ఫోను దగ్గరికి వట్టుమను. దాని బుగ్గలు కదులుతుంటె సూడాలె.”

దగ్గరికి పట్టాను. సీసా ఖాళీ అయ్యేదాకా అమ్మమ్మ రెప్ప వేసినట్టు లేదు. నా చెయ్యి తిమ్మిరెక్కింది. కదపలేదు.