కుట్టుకు వదలని గుడ్డ

దూదిని వదిలేద్దామనుకుంటున్నాం, మీకేమైనా అభ్యంతరమా అని జైలు నుంచి మనిషొచ్చి అడిగాడు. మా ఆయన్ని చంపినవాడు దూది. షాపులో అందరూ అలాగే పిలిచేవాళ్లు, అంత మెత్తన. నోట్లో నాలుక లేదు. మీద ఈగ వాలినా తోలడానికి మొహమాటపడతాడని నేనే వెక్కిరించేదాన్ని.

మా ఆయన కటింగ్ మాస్టరు, దూది మిషన్ మీద కుట్టేవాడు. ఈయన కోసింది వాడే కుట్టాలి, మూడో చెయ్యి పడకూడదు. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్లు. వాడికి పెళ్లీ పెటాకులూ లేవు. మా ఇంట్లోనే తినేవాడు, తిన్న పళ్లెం తనే కడిగి బోర్లించేవాడు.

ఒక డాక్టరుగారి కోటు దగ్గర వచ్చింది తంటా. చంక దగ్గర కుట్టుకు గుడ్డ వదల్లేదని వాడు, వదిలాను నీకే కుట్టడం రాదని ఈయన. పొద్దున మొదలెట్టి మధ్యాహ్నందాకా అదే మాట. గోటితో పోయేది. బల్ల మీద కత్తెర ఉంది. అంతే. వాడికి యావజ్జీవం వేశారు. జైల్లోనూ కుట్టుపనే ఇచ్చారట.

"ముసలాడైపోయాడమ్మా. మీరు సరేనంటే ముసలివాళ్ల హోంలో పెడతారు" అన్నాడు వచ్చినవాడు.

"మా ఆయన కూడా ముసలాడయ్యేవాడే నాయనా. వీడు అవనిచ్చాడా?" అన్నాను.

అన్నానేగానీ ఒక్కసారి చూడాలనిపించింది. ఎందుకు చేశాడో నా మొహం చూసి చెప్పనీ. చెబితే సరే అంటాను. లేకపోతే అక్కడే పడి ఉండనీ.

మా అబ్బాయి తోడొచ్చాడు. బస్సు డ్రైవరు. తండ్రి పోయేనాటికి నా కడుపులో ఉన్నాడు. దారంతా ఒకటే నస: "వద్దని చెప్పెయ్యక, వాడి మొహం చూడ్డమెందుకమ్మా?"

ఫినాయిలు వాసన కొట్టే గదిలో కూర్చోబెట్టారు. వార్డరు దూదిని చెయ్యి పట్టుకుని తెచ్చాడు. పిడికెడయ్యాడు. నన్ను గుర్తుపట్టలేదు. మా అబ్బాయి వైపు తిరిగి, మొహం కాదు, భుజాలు చూశాడు. టైలర్లంతే, మనుషుల్ని భుజాలతో గుర్తుపెట్టుకుంటారు. మావాడికి తండ్రిలాగే కుడిభుజం కిందికుంటుంది.

"వచ్చావా బావా? మళ్లీ అదే పని చేశావు. చంక దగ్గర గుడ్డేదీ?"

మావాడు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"రోజూ ఇంతేనమ్మా" అన్నాడు వార్డరు. "మధ్యాహ్నమైతే ఖాళీ కుర్చీతో కొట్లాట. మనిషిని చంపావురా అంటే నమ్మడు, మమ్మల్నే తిడతాడు."

ఎందుకు చేశావని ఎవరిని అడగను? వాడింకా చెయ్యనేలేదు.

"మాట్లాడవేం?" దూది గొంతు లేచింది. చెయ్యి బల్ల మీద దేనికోసమో తడుముతోంది.

మావాడి మోచెయ్యి పట్టుకున్నాను. "తప్పయిందని చెప్పరా."

"నేనా? వాడికా?"

"నువ్వే. మీ నాన్న చెప్పలేదు."

మావాడు కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకున్నాడు. "తప్పు నాదే బావా. మళ్లీ కోస్తాను" అన్నాడు. బావా అనమని నేను చెప్పలేదు.

దూది చెయ్యి ఆగింది. "ఓస్, దానికేముంది, నేను సర్దుతాలే. తిన్నావా?" అని నవ్వాడు.

వదిలేయండి అన్నాను.

"క్షమించారా పెద్దమ్మా?" అన్నాడు అక్కడి ఆఫీసరు.

"ఏం చేశాడని క్షమించను? అడగండి, ఏమీ చెయ్యలేదంటాడు" అని వేలిముద్ర వేశాను.

ఇప్పుడు దూది హోంలో ఉన్నాడు. మొహమే చూడొద్దన్న మావాడు డ్యూటీ మార్పించుకుని మరీ మధ్యాహ్నాలు అటే పోతున్నాడు. "గొడవ మొదలెడతాడమ్మా, ఎవరో ఒకరు ఒప్పుకోవాలిగా" అంటాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పడు.

నిన్న మావాడు హోం నుంచి వచ్చే వేళకి వాకిట్లోంచి "ఏమోయ్, మంచినీళ్లు" అని కేక. మా ఆయన అచ్చం అలాగే కేకేసేవాడు. గ్లాసు పట్టుకెళ్లి అందించాను. ఎవరు తాగుతున్నారో తలెత్తి చూడ్డానికి భయమేసింది.