మడిచిన ఫ్లెక్సీ

ఆ రోజుల్లో దేవుడికి సలహాలిచ్చే అలవాటు నాకు బాగా ఉండేది. డిగ్రీ అయిపోయి, అల్లూరు దగ్గర మా ఊళ్లో ఇంటిపట్టున కూర్చుని బ్యాంకు పరీక్షలు రాస్తున్న కాలం అది. నా ప్రార్థనలు వింటే ఎవరో అధికారి కింది గుమాస్తాకు పని పురమాయిస్తున్నట్టుండేవి. "ప్రభువా, ఉద్యోగం ఇయ్యి. కావలిలో అయితే మంచిది, బస్సు నేరుగా ఉండాది. నెల్లూరైనా పర్వాలేదు. ఇస్తే బతికినంతకాలం చర్చిలో పాటలు పాడతా" అని బేరం కూడా పెట్టేదాన్ని. (నా గొంతు ఎరిగిన పాటల బృందానికి ఈ సంగతి తెలిసుంటే, నాకు ఉద్యోగం రాకూడదని ఉపవాసం పట్టేవాళ్లేమో!)

రెండుసార్లు పరీక్ష పోయింది. మూడోసారి రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూ దాకా వెళ్లాను. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, మా చర్చి సంఘంలో అందరికీ ‘ప్రార్థనవ్వ’. ఆ వారమంతా తెల్లవారకముందే లేచి మోకరించింది. ఒకరోజు ప్రార్థన ముగించి కళ్లొత్తుకుంటూ, "వచ్చేసిందే పాపా! నా మనసు నెమ్మదిగా ఉండాది" అని ప్రకటించింది. "ఫలితాలు రానీ అమ్మా" అని నాయన నసిగితే, "వచ్చినాక చెప్పేది రసీదురా. రాకముందు చెప్పేదే విశ్వాసం" అంది. అవ్వ ముందు నాయన ఏనాడూ గెలవలేదు. ఫలితాలు శుక్రవారం అన్నారు కాబట్టి, శనివారం సాయంత్రం మా ఇంటి ముందు కృతజ్ఞత కూడిక, ఆ తర్వాత బిర్యానీ అని తేలిపోయింది. ఆదివారం ఆరాధనలో అవ్వే లేచి నిలబడి సంఘం మొత్తాన్నీ పిలిచేసింది.

మా చిన్నాన్న ఉత్సాహం ఆపుకోలేని మనిషి. ఎవరికీ చెప్పకుండా ఫ్లెక్సీ కొట్టించుకొచ్చి వీధి వైపు కట్టాడు. అన్నిటికన్నా పైన నా బొమ్మ, ఏ వకీలు ఒంటిమీద నుంచి తీసి అతికించారో గాని, నల్లకోటుతో. దాని కింద పసుప్పచ్చగా ‘మా పాపకు బ్యాంకు ఉద్యోగం ఇచ్చిన’. ఆ కింద ఇంకా పెద్దగా, ఎర్రగా ‘దేవునికి స్తోత్రం’.

ఫలితాలు శుక్రవారం రాలేదు. శనివారం మధ్యాహ్నం, షామియానా వేసేసి, బిర్యానీ దమ్ము మీద ఉండగా వచ్చాయి. ఫోన్లో నా హాల్‌టికెట్టు నంబరు కొట్టాను. లేదు. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. అమ్మ చేత కూడా కొట్టించాను. (కన్నతల్లి వేలు తగిలితే కంప్యూటరుకు జాలి కలుగుతుందనుకున్నాను కాబోలు.) పెరట్లో బట్టలుతికే బండ మీద కూలబడి ఏడ్చాను. నిజం చెప్పొద్దూ, మొదట ఏడ్చింది ఉద్యోగం కోసం కాదు, వీధినంతా చూసి నవ్వుతున్న ఆ నల్లకోటు గుర్తొచ్చి. అసలు దుఃఖం తర్వాత వచ్చింది. దేవుడు నా మాట వినలేదా, విని కూడా కాదన్నాడా? రెండిట్లో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేకపోయాను.

ఇంటి ముందు అంతా గందరగోళం. "అందరికీ ఫోన్లు చేసి రావద్దని చెప్పండి" అని అమ్మ. "రెండు డేక్షాల బిర్యానీ ఏం చేసేది?" అని నాయన. చిన్నాన్న ఫ్లెక్సీ విప్పడానికి నిచ్చెనెక్కి, కిందికి దిగే ముఖం లేక పైనే ఉండిపోయాడు. అంతలో పాస్టరు గారు స్కూటరు దిగారు. మేం ఆయన్ని అయ్యగారు అంటాం. నాయన చెప్పలేక చెప్పాడు. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నేను ‘దేవుడు తెరిచిన తలుపు’ అని వాక్యం చెప్పను సిద్ధపడి వచ్చినానే!" అన్నారు.

అవ్వ మాత్రం పెరట్లోకి వచ్చి నా పక్కన కూర్చుంది. "తొందరపడినా పాపా. నా ఆశనే ఆయన మాటనుకున్నా. కోప్పడాలంటే నన్ను కోప్పడు" అంది.

"నీకు ఆయన మీద కోపం రాలేదా అవ్వా?"

"ఎందుకు రాదు? మోకాళ్లు అరిగేటట్టు అడిగినా గదా. రేపు పొద్దున్నే ఆయనకే చెప్పుకుంటా. ఇంకెవరికి చెప్పుకునేది?"

అని, నా భుజం పట్టుకుని లేచి, వీధిలోకి నడిచి, నిచ్చెన మీది కొడుకును కేకేసింది. "ఒరే, విప్పబాక! పైముక్క వెనక్కి మడిచి కట్టు. కిందిమాట ఉద్యోగాన్ని చూసి రాసింది కాదు. ఉండనీ."

చిన్నాన్న మడిచి కట్టాడు. వీధిలోంచి చూసేవాళ్లకు ‘దేవునికి స్తోత్రం’ ఒక్కటే కనిపించింది. వెనక వైపు నేను నల్లకోటుతో తలకిందులుగా వేలాడుతూ, వంటవాళ్లను చూసి నవ్వుతూ ఉండిపోయాను.

జనం వచ్చారు. పాటలయ్యాక, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని నన్ను లేపారు. మైకు పట్టుకున్నాను. వల్లించుకున్న మాటలన్నీ ఎగిరిపోయి, "నాకు ఉద్యోగం రాలేదు" అని మాత్రం అన్నాను. ముందు వరసలో చెవులు వినబడని ముసలి తాత ఒకాయన ఉన్నాడు. నేను ఆపాను కాబట్టి సాక్ష్యం ముగిసిందనుకుని, రెండు చేతులూ ఎత్తి, "ఆమేన్! స్తోత్రం!" అని అరిచాడు.

మొదట నవ్వింది అవ్వ. కొంగు అడ్డం పెట్టుకుని ఊగిపోయింది. ఆ తర్వాత నేను. ఆపైన ఎవరూ ఆగలేదు. అందరూ ఎందుకు నవ్వుతున్నారో తెలియని తాత కూడా సంతోషంగా నవ్వాడు. అయ్యగారు సిద్ధం చేసుకున్న వాక్యం పక్కనపెట్టి, "తలుపు ఎప్పుడు తెరుస్తాడో నాకూ తెలీదమ్మా. అందాకా గుమ్మంలో నిన్ను ఒంటరిగా నిలబెట్టకుండా ఇంతమందిని పంపినాడు. అది మాత్రం కనపడతా ఉండాది" అని, చిన్న ప్రార్థన చేసి, బిర్యానీ వడ్డించమన్నారు. అంత ఏడ్చిన నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

చేతులు కడుక్కుంటుంటే పాటల బృందంలోని ఒక అక్క, "ఖాళీగానే ఉంటావు గదా పాపా, సోమవారం నించి మా పిల్లకి లెక్కలు చెప్పు" అంది. ఆ ‘ఖాళీగానే’ అన్నమాట ముల్లులా గుచ్చుకుంది. అయినా సోమవారం ఆ పిల్ల వచ్చి మా ఇంటి పంచలో కూర్చుంది. దాని వెనకే దాని స్నేహితురాళ్లు. కొన్నాళ్లకు పంచ చాలక వేపచెట్టు కిందికి జరిగాం. లెక్క తేలినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే వెలుగు నాకు అలవాటైపోయింది. తర్వాత బీఎడ్ చదివాను. ఇప్పుడు బడిలో లెక్కల టీచర్ని.

ఇదంతా దేవుడు ముందే గీసిపెట్టిన దారి అని బల్లగుద్ది చెప్పే ధైర్యం నాకు లేదు. బ్యాంకుకు వెళ్లినప్పుడు, కౌంటరు అవతల కూర్చున్న అమ్మాయిని చూస్తే ఇప్పటికీ లోపల ఎక్కడో చిన్నగా కలుక్కుమంటుంది. అవ్వ ఇప్పుడు లేదు, ఉంటే ఆ మాట కూడా ఆయనకే చెప్పుకోమనేది. ఒక్కోసారి ఆ శనివారం పెరట్లో ఏడ్చిన పిల్ల, అంటే అప్పటి నేనే, ఎదురైతే ఏం చెప్పాలా అని ఆలోచిస్తాను. ‘అంతా మేలుకే’ అని మాత్రం అనను, ఆ పూట దాని చెవికి అది ఎక్కదు. పక్కన కూర్చుని, ముక్కు చీదుకోవడానికి నా కొంగు ఇస్తాను. కాసేపాగితే దానికే నవ్వొస్తుందని నాకు తెలుసు.