ఎస్తేరక్క నాకన్నా ముందే లేచింది

నిన్న పొద్దున్నే ఉదయగిరి నుంచి మా అత్త ఫోన్.

"సువార్తా, ఎస్తేరు లేవలా. పిలస్తా ఉంటే పలకడంల్యా."

ముసలామె తారుమారుగా చెబుతోందనుకున్నాను. ఇద్దరు కోడళ్ళలో లేవలేనిది నేను కదా. నడుముకు బెల్ట్ లేకుండా మంచం దిగలేనిది నేను. ఎస్తేరక్క మొన్న కూడా చర్చి ఊడ్చి వచ్చింది.

నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. ఎస్తేరక్క నా తోడికోడలు, మా ఆయన అన్న భార్య. బావ పోయాక అత్తను చూసుకుంటూ ఉదయగిరిలోనే ఉండిపోయింది. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది. అన్నం గుండిగలు ఎత్తీ ఎత్తీ ఆమె నడుములో డిస్క్ జారింది. ఇక్కడ ఆత్మకూరులో మిషన్ ముందు వంగి బ్లౌజులు కుట్టీ కుట్టీ నాదీ జారింది.

ఇద్దరికీ నెల్లూరులో ఒకే డాక్టర్. ఒకే కీహోల్ ట్రీట్‌మెంట్. వీపు మీద చిన్న గాటు పెట్టి, సన్నటి గొట్టం పంపి, నరాన్ని నొక్కుతున్న ముక్క తీసేశారు. మర్నాడే ఇంటికి పంపారు. నిదానంగా నడవండి, బరువులు ఎత్తొద్దు అన్నారు.

ఆమె నడిచింది.

నాకు కాలు లాగడం పోయింది కానీ నడుము పట్టేసినట్టే ఉండిపోయింది. రికవరీ అందరికీ ఒకేలా ఉండదమ్మా అన్నాడు డాక్టర్. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు.

పైగా అత్త రోజూ ఫోన్ చేసి, ఎస్తేరు అంత దూరం పోయింది, ఎస్తేరు బట్టలు ఆరేసింది అని చెప్పేది. నా కడుపు మండిపోయేది.

ఒక ఆదివారం ఉదయగిరి చర్చికి వెళ్ళాను. పాటకు అందరూ లేచారు. ఎస్తేరక్క స్ట్రెయిట్‌గా నిలబడి పాడుతోంది. నేను వెనక ప్లాస్టిక్ కుర్చీలో. ఎస్తేరమ్మకు స్వస్థత ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పమన్నారు పాస్టర్ గారు. తర్వాత, సువార్తమ్మ కోసం ప్రార్థన చేద్దాం అన్నారు.

ఆమెకు స్తోత్రం. నాకు ప్రార్థన.

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు.

ఆ తర్వాత ఆమె ఫోన్ చేసినా ఎత్తలేదు. ఎత్తకపోతే ఊరుకునే మనిషా? నాలుగు సీతాఫలాలు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చేసింది. సీటు దొరకలేదంట, దారంతా నిలబడే వచ్చిందంట. అది కూడా నాకు గొప్పలు చెప్పుకున్నట్టే వినిపించింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అప్పుడే మా ఆయన వేడినీళ్ళ బ్యాగ్ తెచ్చాడు. భుజం కింద చెయ్యి వేసి నన్ను లేపాడు. బెల్ట్ కట్టాడు. వదినకు టీ పెడతానని లోపలికి వెళ్ళాడు.

అక్క అంతా చూస్తూ కూర్చుంది. ఆయన అటు వెళ్ళగానే మెల్లగా అంది.

"నిన్ను జూసి నేనూ ఏడస్తా ఉంటానే."

నన్ను చూసి ఏడవడానికి ఏముంది అన్నాను, విసురుగా.

"నిన్ను లేపే మనిషి ఉండాడు. నాకు ల్యాకనే లేచినాను, నొప్పి పోయి కాదు. తెల్లారితే అత్తకు కాఫీ ఎవురు పెడతారు?"

చీర కాస్త జరిపి చూపించింది. లోపల నాలాంటి బెల్టే.

ఆమె చెయ్యి చాపింది. పట్టుకుని లేచాను. ఇద్దరం వీధి చివరి దాకా నడిచాం. అడుగు పడేటప్పుడు ఆమె పెదవి బిగపట్టడం ఆ రోజే గమనించాను.

అప్పటినుంచి పొద్దున్నే ఫోన్ చెవికి పెట్టుకుని నడిచేవాళ్ళం. ఆమె అక్కడ, నేను ఇక్కడ.

నా కుళ్ళు పోయిందా అంటే, లేదు. కొండ కింద దాకా వెళ్ళొచ్చానని ఆమె అంటే, నేను ఆ పూట ఇంకో వీధి తిరిగి వచ్చేదాన్ని. ఈ మాత్రం నడుస్తున్నానంటే సగం మందుల వల్ల, సగం ఆ కుళ్ళు వల్ల.

ఈ రోజు మధ్యాహ్నం ఉదయగిరిలో అక్కను మట్టి చేశాం. స్కూలు పిల్లలంతా వరసగా వచ్చారు. ఒక చిన్నపిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కడ కూడా నాకు జెలసీనే. నేను పోతే నా కోసం ఎవరైనా ఇలా ఏడుస్తారా అనిపించింది. మనసు అంతే, ఏం చెయ్యను.

తిరిగి వచ్చేటప్పుడు అత్త నా భుజం మీద చెయ్యి వేసింది. ఇన్నాళ్ళూ అక్క భుజం మీద ఉన్న చెయ్యి అది. బరువుగానే ఉంది. ఒక్కో అడుగూ వేసుకుంటూ నడిచాను.

"నడుము నొప్పిగా ఉండాదా సువార్తా?" అని అడిగింది అత్త.

"ల్యా అత్తా" అన్నాను.

ఉంది.

అక్కా, నొప్పి లేని చోటికి కూడా నాకన్నా ముందే చేరిపోయావు. ఇందులో మాత్రం నీతో పోటీ పడలేను.

ప్రభువు దగ్గర హాయిగా పడుకో. అత్తకు కాఫీ నేను పెడతాను.