నేల మీద నుంచి లేవడం

ఉదయం ఐదు గంటల పది నిమిషాలకు మా గేటు గడియ తీశాను. ఎదురింటాయన అప్పుడే స్కూటర్ బయటికి తీస్తున్నాడు. ఆయనది కూరగాయల వ్యాపారం, రోజూ ఆ వేళకే మార్కెట్‌కు పోతాడు. నన్ను చూసి బండి ఆపాడు. స్టాండు వేసి లోపలికి వెళ్లిపోయాడు. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, మళ్లీ కొత్తగా బయలుదేరడానికి. భర్త పోయిన ఆడది పొద్దున్నే ఎదురైతే మా కరీంనగర్‌లో ఇప్పటికీ చాలామంది చేసే పని అదే. మా ఆయన పోయి అప్పటికి నలభై మూడు రోజులు.

నేను ఆగలేదు. రెండు కరెంటు స్తంభాల దూరం నడిచి వెనక్కి వచ్చాను. ఆ రోజుకు నా కాళ్లు మోసింది అంతే.

నాకు అరవై ఏడేళ్లు. ఉద్యోగమంతా బడిపిల్లలకు తెలుగు చెప్పాను. అందులో ఏడేళ్లు ఉట్నూర్ వైపు. జీపు దిగి గుట్టదారిలో రెండు మైళ్లు నడిస్తే బడి వచ్చేది. ఇప్పుడు రెండు మోకాళ్లలో గుజ్జు అరిగింది. సుగర్ ఉంది. తొడ కండ గట్టిగా ఉంటే ఆపరేషన్ లేకుండా గడుస్తుందని డాక్టరు చెప్పాడు. మెట్లు ఎక్కవద్దు, నేల మీద కూర్చోవద్దు, చదునైన చోట రోజూ నడవాలి. మా ఆయనకు గుండె ఆపరేషన్ అయింది కాబట్టి ఆయనా మెల్లగానే నడవాలి. ఆరేళ్లు ఇద్దరం కాలేజీ గ్రౌండులో పక్కపక్కన నడిచాం. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

ఆయన పోయిన రోజున నన్ను హాల్లో ఒక మూలన చాప మీద కూర్చోబెట్టారు. పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు పక్కన కూర్చుని, నా చేయి పట్టుకుని ఏడవాలి. నేను కుర్చీలో ఉంటే అది కుదరదు. ఆయన అక్క, మా వదినె, పెద్దపల్లి నుంచి వచ్చి నాతోనే ఉంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. మూడో రోజు నేను ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"గదేంది? దినాలు గాకముందే కుర్చీల కూసుంటవా?"

"మోకాళ్లు వంగుతలేవు వదినె."

"నా తమ్ముడు పోయిండు. నీకు మోకాళ్లు యాదికొస్తున్నయా?"

కుర్చీ వదిలేసి మళ్లీ చాప మీదికి దిగాను.

దినాలు అయిపోయినా చాప తీయలేదు. పలకరింపులు ఆగలేదు మరి. బాత్రూముకు పోవాలంటే ఇద్దరు నా చంకల కింద చేతులు వేసి లేపేవారు. ఇరవయ్యో రోజు మధ్యాహ్నం, పక్కన ఎవరూ లేనప్పుడు, ఒక్కదాన్నే లేవబోయాను. లేవలేకపోయాను. గోడ పట్టుకున్నా కాలేదు. దుఃఖాన్ని సముద్రంతోనూ చీకటితోనూ పోల్చిన పుస్తకాలు నేను చాలా చదివాను. ఆ మధ్యాహ్నం నాకు అవేవీ గుర్తు రాలేదు. మా అవ్వ గుర్తొచ్చింది. చివరి నాలుగేళ్లు ఆమె మంచం దిగలేదు. ఆమెను ఎత్తి కడిగింది నేనే. ఎత్తినప్పుడల్లా ఆమె నా ముఖం చూడకుండా తల పక్కకు తిప్పుకునేది. నేను అట్లా తల తిప్పుకోదలచుకోలేదు.

నడవాలని వదినెకు చెప్పాను. ఆమె కఠినురాలు కాదు. ఆలోచించి ఒక దారి చెప్పింది.

"స్లాబు మీద తిరుగు. ఆడ నిన్నెవలు జూస్తరు?"

నాకూ బాగానే తోచింది. నన్ను ఎవరూ చూడకూడదని నేను కూడా ఒప్పుకుంటున్నానన్న సంగతి అప్పుడు తట్టలేదు. మా డాబాకు ఇరవై రెండు మెట్లు. పొద్దున ఎక్కి దిగాను, సాయంత్రం ఎక్కి దిగాను. తొమ్మిదో రోజుకు కుడి మోకాలు వాచి, చాపిన కాలు వంగకుండా అయింది. డాక్టరు సూది వేసి మోకాలిలో చేరిన నీరు తీశాడు.

"మెట్లు వద్దని చెప్పిన్నా, లేదా?"

"చెప్పిండ్రు. రోడ్డు మీద నడిస్తే మంది చూస్తరని పైకి పోయిన."

"మంది చూస్తే మోకాలికి ఏం గాదు మేడం. మెట్లెక్కితే అయితది. ఇంకో రెండు నెలలు గిట్లనే కూసుంటే తొడల కండ మిగలదు. తర్వాత నడుస్తనన్నా కాళ్లు నడవనియ్యవు."

ఆ వారం ఇంట్లో చేతులున్న కుర్చీలో కూర్చుని చేయగలిగినవి చేశాను. ఒక కాలు ముందుకు చాపి పది లెక్కపెట్టేదాకా ఆపడం. మంచం మీద మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి గట్టిగా అదమడం. వంటింటి గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం మాత్రం ఐదో రోజుకు గానీ రాలేదు. వచ్చిన మర్నాడు రెండు బిస్కెట్లు తిని, గేటు గడియ తీశాను.

నడక మొదలుపెట్టిన నాలుగో రోజు ఎదురింటాయన లోపలికి పోకుండా బండి పక్కనే నిలబడ్డాడు.

"టీచరమ్మా, ఒక్క మాట. జర ఎండ వచ్చినంక పోరాదు? మూడు రోజులైంది, బేరం లేస్తలేదు."

"ఎండల నడిస్తే నాకు కళ్లు తిరుగుతయి. సుగర్."

"నేను వద్దంటలేనమ్మా. జర ఎనక ముందు చూసుకొమ్మంటున్న."

"నేను రోజూ ఐదుం పదికి వస్త. బడి గంట లెక్క. మీరు ముందు పోతరో వెనక పోతరో మీ ఇష్టం. నేను మాత్రం ఆగ."

ఆయన తల గోక్కున్నాడు. "మా పిలగాండ్లకు గిట్లనే చెప్పిండ్రా పాఠం?" అన్నాడు. మర్నాటి నుంచి ఐదుకే పోవడం మొదలుపెట్టాడు. వర్షాకాలంలో ఒకరోజు ఆలస్యమై ఎదురుపడ్డాడు. తల వంచుకుని బండి స్టార్టు చేసి నా పక్కనుంచే పోయాడు. లోపలికి పోయి నీళ్లు తాగే తీరిక ఆ రోజు లేదేమో. నేను దాన్ని గెలుపుగా లెక్కపెట్టుకోలేదు.

పెద్దపల్లికి తిరిగిపోయిన వదినె మాత్రం ఫోన్లో అడుగుతూనే ఉంది.

"నవ్వుతలేరా మంది?"

"నవ్వుతున్నరు."

"నీకు ఫికర్ లేదా?"

"కాళ్ల ఫికరే ఉన్నది వదినె."

మా ఆయన లేడని నాకు చాప చెప్పనక్కరలేదు. నడిచే ప్రతి పొద్దూ తెలుస్తుంది. ఏడ్చిన రోజులున్నాయి. ఏడుస్తూ కూడా నడవవచ్చు. స్తంభాల లెక్క మాత్రం తప్పకుండా చూసుకోవాలి, ఎక్కువైతే మోకాలు మర్నాడు చెబుతుంది. ఏడాది తిరిగేసరికి పద్నాలుగు స్తంభాల దాకా వచ్చాను. పదిహేనో స్తంభం దగ్గర రోడ్డు ఎత్తెక్కుతుంది. అక్కడికి పోను.

సంవత్సరీకానికి ఇల్లంతా చుట్టాలు. హాల్లో చాపలు పరిచారు. నేను కుర్చీ తెచ్చుకుని ముందు వరుసలో కూర్చున్నాను. ఎవరో గుసగుసలాడారు. వదినె నా కాళ్ల దగ్గర చాప మీద కూర్చుంది. లేవాల్సి వచ్చినప్పుడు నా కుర్చీ చేయి పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారికి లేచింది. నేను లోపలికి పోయి ఇంకో కుర్చీ తెచ్చి పక్కన వేశాను.

"నాకెందుకే? నేనేమన్న ముసల్దాన్నా?" అంది. ఆ కుర్చీ మీద తన చేతిసంచి పెట్టి మళ్లీ చాప మీదే కూర్చుంది.

నేనైతే ఇప్పుడు ఎవరింటికి పలకరింపుకు పోయినా ముందు కుర్చీ అడుగుతాను. లేదంటే నిలబడే మాట్లాడి వస్తాను. నేల మీద కూర్చోవడం మానేశాను.