ఆడని ఏడో గేమ్

పోయిన నెల కిచెనర్‌లోని మా ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉండగా ఆంటీ నుంచి వాట్సాప్‌లో రెండు ముక్కలు వచ్చాయి. "అంకుల్ ఈ ఉదయం వెళ్లిపోయారమ్మా. నీకు చెప్పాలనిపించింది." మొదట నాకు కలిగింది దుఃఖం కాదు. ఇక ఆయనకు ముఖం చూపించాల్సిన పని లేదన్న తేలిక. ఆ తేలికకు అప్పుడే సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

విన్నిపెగ్‌లో చదువుకున్న రెండేళ్లూ నేను ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో ఉన్నాను. మా బ్యాచ్ వచ్చిన ఏడాది అక్కడ గది దొరకడం గగనం. ఒక్కో గదిలో నలుగురైదుగురు పరుపులు పరుచుకుని సర్దుకునేవారు. ఇండియన్ స్టోర్ తలుపు మీద నేను అంటించిన కాగితం చూసి ఆంటీయే ఫోన్ చేశారు. నన్నూ ఇంకో అమ్మాయినీ కింద ఉండమన్నారు. మొదటి మంచు పడ్డ రోజు నా కాళ్ల వైపు చూసి అంకుల్, "అవి బూట్లు కావమ్మా, చెప్పులకు దూరపు చుట్టాలు" అని నవ్వి, తనే కారులో షాపుకు తీసుకెళ్లారు.

ఆయనది తెనాలి వైపు. సిటీ బస్సుల షెడ్డులో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. కొత్తలో తోటి మెకానిక్కులు రేడియోలో వినే బేస్‌బాల్ ఆయనకు అంటుకుంది. క్రికెట్ వదిలేశారా అంటే, "వదల్లేదమ్మా, ఇది రెండో కాపురం" అనేవారు, ఆంటీకి వినపడేలా.

ఆయన దగ్గర ఒక పెట్టె ఉండేది. అందులో ఒక్కో ఆటగాడికి ఒక్కో కార్డు. ఆ ఆటగాడు ఒకానొక ఏడాది నిజంగా ఎలా ఆడాడో దాన్ని బట్టి కార్డు మీద అంకెల పట్టిక ఉంటుంది. మూడు పాచికలు వేసి, పడిన అంకెను పట్టికలో చూస్తే కొట్టినవాడు అవుటయ్యాడో, బేస్ చేరాడో, మన సిక్సర్ లాంటి హోమ్ రన్ బాదాడో తెలిసిపోతుంది. ఎన్నడూ ఎదురుపడని జట్లను అలా ఎదురెదురుగా దించవచ్చు. నేనున్న రెండో చలికాలం ఆయన పెట్టుకున్న ప్లేఆఫ్‌లో ఒకవైపు ఆయన ఈ దేశంలో దిగిన ఏటి జట్టు, ఇంకోవైపు ఇప్పటి జట్టు. ఏడు గేముల సిరీస్, ముందుగా నాలుగు గెలిచినవాళ్లది. పాత జట్టులో కొందరు ఇప్పుడు బతికి లేరని చెప్తూ, వాళ్ల కార్డులను పట్టుచీరలు సర్దినట్టు సర్దేవారు.

ఒకరు వేయాలి, ఒకరు చూడాలి. అది ఆయన నియమం. ఒంటరిగా వేసిన పాచికను లెక్కలోకి తీసుకునేవారు కాదు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు నన్ను పైకి పిలిచేవారు. ఆయన కార్డు ముందుకు జరిపేవారు, నేను పాచికలు వేసేదాన్ని, ఆయన పట్టిక చూసి స్కోరు కాగితం నింపేవారు. నా కళ్లు మాత్రం ఫోన్‌లోనే ఉండేవి. ఒక్కో గేమ్‌కు తొమ్మిది ఇన్నింగ్స్. ఏడో ఇన్నింగ్స్‌లో స్టేడియం మొత్తం లేచి ఒళ్లు విరుచుకుంటుందట, మేమూ లేవాల్సిందే. వంటింట్లోంచి ఆంటీ కూడా పప్పు గరిటెతో చేతులు పైకెత్తేవారు.

ఒకసారి పాత జట్టు ఓడిపోతుంటే, "ఇంకోసారి ఏస్తా అంకుల్, ఎవరు చూస్తున్రు" అన్నాను. ఆయన కోప్పడలేదు.

"నాకు కావాల్సింది గెలుపు కాదమ్మా. జరిగింది కావాలి."

అప్పుడు నాకది వట్టి చాదస్తంలా తోచింది.

ఆరు గేములయ్యేసరికి చెరి మూడు. అంతలో ఆయనకు గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. గురువారం బైపాస్ అన్నారు. బుధవారం చూడటానికి వస్తానని ఫోన్ చేస్తే ఆయన ఒక్కటే కోరారు. ఆపరేషన్‌కు ముందే సిరీస్ తేలిపోతే బాగుంటుందని, రూమ్మేట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఏడో గేమ్ వేసి కాగితం పట్టుకు రమ్మని. సరే అంకుల్ అన్నాను.

వేయలేదు. అసైన్‌మెంట్ ఉంది, షిఫ్టు ఉంది అని చెప్పుకోవచ్చు. రెండూ ఉన్నాయి. మంగళవారం సాయంత్రమంతా ఫోన్ చూస్తూ పడుకున్నదీ నిజమే. బుధవారం ఆసుపత్రికి వెళ్లే బస్సులో, ఒళ్లో బ్యాగు పెట్టుకుని, గేమ్ మొత్తం సొంత బుర్రలోంచి రాసేశాను. పాత జట్టునే గెలిపించాను, అదీ చివరి ఇన్నింగ్స్‌లో హోమ్ రన్‌తో. ఆపరేషన్‌కు వెళ్లే మనిషి సంతోషిస్తారు కదా అనుకున్నాను. బద్ధకానికి ప్రేమ అని పేరు పెట్టుకోవడం నాకు అంత సులువుగా వచ్చింది.

అంకుల్ కళ్లజోడు పెట్టుకుని కాగితం అందుకున్నారు. మొదటి ఆటగాడి వరస మీద వేలు పెట్టి, ఇన్నింగ్స్ తర్వాత ఇన్నింగ్స్ మెల్లగా జరుపుకుంటూ చివరిదాకా వెళ్లారు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు. తర్వాత, ఎవరు చూశారమ్మా అని అడిగారు. రూమ్మేట్ చూసిందన్నాను.

"బాగా అలిసిపోయినట్టున్నావు. ఇంటికెళ్లి కాస్త అన్నం తిను" అన్నారు.

ఏదో ఘనకార్యం చేసినదానిలా బయటికొచ్చాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయన కోలుకుంటుండగానే నాకు కిచెనర్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను. ఆ వేసవిలో ఆఫీసువాళ్లు మమ్మల్ని బేస్‌బాల్ చూడటానికి తీసుకెళ్లారు. రెండో ఇన్నింగ్స్ మొదలవగానే, ఓపెనర్ రాలేదేమని పక్కనున్నావిడను అడిగాను. ఆవిడ నవ్వి, ముందు ఇన్నింగ్స్ ఎవరి దగ్గర ఆగితే ఆ తర్వాతి మనిషితో మొదలవుతుందని చెప్పింది. నా చెవులు వేడెక్కిపోయాయి. నేను రాసిన కాగితంలో తొమ్మిది ఇన్నింగ్స్‌లోనూ మొదటివాడే మొదట దిగాడు, మన క్రికెట్‌లో ఓపెనర్లు దిగినట్టు. ఆరు గేములు ఆయన ఎదురుగా కూర్చుని, ఎవరి కార్డు ఎప్పుడొస్తోందో కూడా చూడని మనిషిని నేను.

ఆ రోజే ఫోన్ చేసి ఒప్పుకోవాల్సింది. ఆయన గమనించి ఉండరులే అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఉగాదికి ఆయన ఫోన్ చేస్తే ఎత్తకుండా, బిజీగా ఉన్నానని మెసేజ్ పెట్టాను. విన్నిపెగ్ వచ్చినప్పుడు ఒక ఆదివారం ఉండేలా రామ్మా అని బదులిచ్చారు. దానికి బొటనవేలి బొమ్మ పంపి ఊరుకున్నాను.

పన్నెండో రోజు భోజనాలకు వెళ్లాను. మావారి సిరీస్‌కు పాచికలు వేసింది ఈ అమ్మాయే అని ఆంటీ వచ్చినవాళ్లందరికీ పరిచయం చేస్తుంటే తల ఊపుతూ నిలబడ్డాను. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ డైనింగ్ టేబుల్ మీద పెట్టె తెరిచి, కార్డులు రెండు వరసలుగా పరిచి, ఒక కొత్త స్కోరు కాగితం తీశారు. పైన అంకుల్ చేతిరాతలో "ఏడో గేమ్" అని ఉంది. ఆటగాళ్ల పేర్లన్నీ వరసగా రాసి ఉన్నాయి. గళ్లు మాత్రం ఖాళీ.

నువ్వు వస్తే తప్ప ఆడనన్నారని ఆంటీ చెప్పారు. పోయే ముందు తనకు స్కోరు రాయడం నేర్పారట.

"మొట్టమొదట చెప్పిందొకటే అమ్మా. కొత్త ఇన్నింగ్స్ మళ్లీ మొదటివాడితో మొదలెట్టకు, క్రికెట్ అలవాటులో మనవాళ్లు చేసే తప్పు అదీ అని."

ఆవిడ మామూలుగానే అన్నారు. ఆవిడకేమీ తెలియదని ఆ ముఖమే చెప్తోంది. ఆయన నా అబద్ధాన్ని కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు.

ఆంటీ పెన్ను మూత తీసి, మొదటి కార్డు నా ముందుకు జరిపారు. నువ్వు వెయ్యి, నేను చూస్తాను అన్నారు. మూడు పాచికలూ నా గుప్పిట్లో చెమటకు తడుస్తున్నాయి. వేయాలంటే ముందు ఆవిడకు చెప్పాలి. ఆవిడ పెన్ను మొనను మొదటి గడి మీద ఆనించి, నా చేతి వంకే చూస్తూ కూర్చున్నారు.